పిల్లల మీద మనకున్న నమ్మకం వాళ్ల కెరీర్‌కి నిజంగా పనికొస్తుందా? మా అమ్మాయికి సీఏ ఇంటర్‌లో ఒక గ్రూపు పోయింది

ఆటోనగర్_నాన్న రాశారు:

అందరికీ నమస్కారమండి. మాది విజయవాడ. ఆటోనగర్‌లో లారీ, బస్సు బాడీలు కట్టే చిన్న షెడ్డు ఉంది నాకు. నేను పదో తరగతితో ఆపేశాను, మా ఆవిడ ఇంటర్ దాకా చదివింది. మా పెద్దమ్మాయి ఎంఈసీ అయ్యాక సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్ కోర్సు) మొదటి మెట్టు ఫౌండేషన్ పాసై, గుంటూరులో హాస్టల్లో ఉండి రెండో మెట్టు సీఏ ఇంటర్‌కి చదువుతోంది. అందులో పేపర్లని రెండు గ్రూపులుగా పెడతారు. మొన్న రిజల్ట్స్ వచ్చాయి. రెండో గ్రూపు పాసైంది, మొదటి గ్రూపు పోయింది. ఏడిస్తే ఓదార్చేవాణ్ణి, ఏడవలేదు. ఇంటికొచ్చి బ్యాగు గదిలో పడేసి "నావల్ల కాదు నాన్నా, డిగ్రీ పూర్తిచేసి బ్యాంకు పరీక్షలు రాసుకుంటా" అంది, ఆ తర్వాత ఇక ఆ మాటే ఎత్తట్లేదు.

మా అక్క "ఆడపిల్ల, ఇంకెన్నాళ్లు చదివిస్తావురా, సంబంధాలు చూడు" అంటోంది. మా బావమరిదేమో "నువ్వు గట్టిగా ధైర్యం చెప్పు బావా, ఇంట్లోవాళ్ల నమ్మకమే పిల్లలకి సగం బలం" అంటున్నాడు. వినడానికి బాగానే ఉంది. కానీ నాకు అకౌంట్స్ అంటే షెడ్డు పుస్తకంలో జమాఖర్చు తప్ప తెలియదు, ఆ సబ్జెక్టుల పేర్లు కూడా సరిగ్గా పలకలేను. ఏమీ తెలియనివాడు "నువ్వు చేయగలవమ్మా" అంటే ఆ పిల్ల ఎందుకు నమ్ముతుంది? తల్లిదండ్రుల నమ్మకం, ప్రోత్సాహం అనేవి నిజంగా పిల్లల ఉద్యోగం దాకా పనిచేస్తాయా, లేక సభల్లో చెప్పుకునే మాటలేనా? పిల్లల్ని పెంచినవాళ్లు, సీఏ చదివినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. పొద్దున షెడ్డుకి వెళ్లేలోపు అన్నీ చదువుతాను.

బ్రాడీపేట_టీచర్ రాశారు:

అన్నయ్య గారూ, మాది గుంటూరు, ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మీరు అడిగినదానికి నేను చూసిన ఒక తల్లి సంగతి చెబుతాను. ఆవిడ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేది, సంతకం కూడా రాదు. పేరెంట్స్ మీటింగ్‌కి వస్తే మిగతావాళ్లలా "మార్కులు ఎన్ని" అని అడిగేది కాదు, "పోయినసారికీ ఇప్పటికీ మా పిల్ల ఏం కొత్తగా నేర్చుకుంది మేడమ్" అని అడిగేది. రాత్రిపూట కూతురి నోట్సు తెరిపించి ఎర్ర ఇంకుతో కొట్టేసినచోట వేలు పెట్టి "ఇదెందుకు కొట్టేశారు, మళ్లీ చేసి చూపించు" అనేదట. చదవడం రాదు కానీ కొట్టివేత కనిపిస్తుంది కదా. ఆ పిల్ల ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు.

అదే మీటింగులో బాగా చదువుకున్న తండ్రులు, పిల్లవాణ్ణి పక్కన నిలబెట్టుకునే "వీడికి మొదటినుంచీ లెక్కలు రావండి, వాళ్లమ్మ పోలిక" అంటారు. వాడు నేల చూపులు చూస్తుంటాడు. అలాంటి పిల్లలు పదో తరగతి వచ్చేసరికి బోర్డు దగ్గరికి పిలిస్తే సుద్దముక్క పట్టుకోరు. తెలివి తక్కువై కాదు, ఇంట్లో అప్పటికే తేల్చేశారు కాబట్టి.

అందుకని మీకు అకౌంట్స్ రాకపోవడం పెద్ద అడ్డంకి అని నేను అనుకోను. పిల్ల పని మీద మీకు ఎంత పట్టింపు ఉందో, అది రోజూ కనిపిస్తుందా లేదా అన్నదే ముఖ్యం.

పటమట_కుర్రాడు రాశారు:

నేను ఇంకోవైపు నుంచి చెబుతాను, కోపగించుకోకండి. మా నాన్నకి నా మీద నమ్మకం లేక కాదు, ఎక్కువై నలిగిపోయాను. ఇంటర్‌లో నన్ను హాస్టల్లో వేశారు. ఆదివారం చూడ్డానికి వచ్చినప్పుడల్లా వాచ్‌మెన్‌తో సహా అందరికీ "మావాడికి ఐఐటీ ఖాయం" అని చెప్పేవారు. ప్రేమతోనే అన్నారు, ఆయన మనసు నాకు తెలుసు. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ నా వీక్లీ టెస్ట్ మార్కులు ఆయనకి చెప్పడం ఇంకాస్త కష్టమయ్యేది. అర్థంకాని చాప్టర్ గురించి అడగాలంటే, ఖాయం అనుకున్నవాడికి ఇది కూడా రాదా అనుకుంటారేమోనని భయం. చివరికి రాలేదు. డిగ్రీ చేసి, డిజైన్ నేర్చుకుని ఇప్పుడు హైదరాబాద్‌లో యాప్‌లకి స్క్రీన్లు గీసే ఉద్యోగం చేస్తున్నాను, బాగానే ఉన్నాను.

కాబట్టి అన్నా, "నువ్వు కచ్చితంగా పాసవుతావు" అని మాత్రం అనకండి. పాసవడం ఆ అమ్మాయి చేతుల్లో పూర్తిగా లేదు. సీఏలో బాగా చదివినవాళ్లు కూడా ఫెయిలవుతారు. ఆ హామీ మీరు ఇచ్చేస్తే, అది నిలబెట్టే పని ఆమె నెత్తిన పడుతుంది. "పోయినా నువ్వు మా పిల్లవే, ఏం చేద్దామో కూర్చుని చూద్దాం" అని ఉంటే నాకు చాలేది.

ఇంకో మాట, ఏడవకుండా గదిలో మౌనంగా ఉంటోంది అన్నారు కదా, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. తిండి, నిద్ర గమనించండి. అవసరమైతే 14416 ఉంది, టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీరు కూడా చేయొచ్చు, పిల్లతో ఎలా మాట్లాడాలో అడగొచ్చు.

సైకాలజీ_పీజీ రాశారు:

పటమట అన్న చెప్పింది, టీచర్ గారు చెప్పింది ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి కానీ కాదు. మా సబ్జెక్టులో దీని మీద చాలా పనే జరిగింది, నాకు తెలిసినంతవరకు రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

ఆల్బర్ట్ బాండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో ఒక ఆలోచన ముందుపెట్టాడు. మనిషి ఒక పని మొదలుపెట్టాలన్నా, దెబ్బతిన్నాక కొనసాగించాలన్నా "ఇది నేను చేయగలను" అనే లోపలి అంచనా చాలా లెక్కలోకి వస్తుంది అని. ఆ అంచనా నాలుగు దారుల్లో పెరుగుతుందట. స్వయంగా చేసి గెలిచిన అనుభవం అన్నిటికంటే గట్టిది. తనలాంటివాళ్లు చేయడం చూడటం, నమ్మదగినవాళ్లు చెప్పే మాట, ఒంట్లో టెన్షన్ ఎలా ఉంది అన్నది మిగతా మూడు. అంటే తల్లిదండ్రుల మాట ఒక దారి మాత్రమే, అది ఒంటరిగా ఎక్కువసేపు నిలవదు. చేతిలో చిన్న గెలుపేదైనా ఉంటే దాని పక్కన ఆ మాట బాగా పనిచేస్తుంది. బాండూరా ఇంకో ముగ్గురితో కలిసి 2001లో ఇటలీలో 272 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం మీ ప్రశ్నకి చాలా దగ్గరగా ఉంటుంది. ఏ ఉద్యోగాల వైపు పిల్లలు చూస్తున్నారు, ఏవి తమవల్ల కావని ముందే వదిలేస్తున్నారు అన్నదాన్ని వాళ్ల అసలు మార్కుల కంటే, తమ మీద తమకున్న అంచనాయే ఎక్కువగా నిర్ణయించింది. మరి ఆ అంచనా ఎక్కడినుంచి వచ్చింది? తల్లిదండ్రులకి "మా పిల్ల చదువుకి మేం సాయపడగలం" అనే నమ్మకం తమ మీద తమకి ఉండటం, పిల్లల చదువు మీద వాళ్లు పెట్టుకున్న ఆశ, ఈ రెండూ అందులో ఉన్నాయి. ఇంటి డబ్బు, హోదా కూడా నేరుగా కాకుండా ఈ రెండిటి గుండానే పిల్లల్ని చేరాయి.

ఆటోనగర్ గారూ, ఇందులో మీరు చూడాల్సిన మాట ఒకటుంది. పిల్ల మీద నమ్మకం గురించి అందరూ మాట్లాడుతున్నాం, కానీ ఆ అధ్యయనం చెప్పేది తండ్రికి తన మీద ఉండే నమ్మకం గురించి కూడా. "నాకేమీ తెలియదు, నేను చెప్తే ఏం నమ్ముతుంది" అని మీరు రాశారు చూడండి, బాగుచేసుకోవాల్సింది ముందు అక్కడే అని నాకనిపిస్తోంది.

ఇంకొకటి. 2016లో కైలా హైమోవిట్జ్, కరోల్ డ్వెక్ కలిసి ప్రచురించిన పరిశోధన. "నీకు తెలివి పెరుగుతుంది" అని తల్లిదండ్రులు నమ్ముతున్నారా లేదా అన్నది పిల్లలకి పెద్దగా కనిపించదు, కానీ ఫెయిలైనప్పుడు వాళ్లు ఎలా ఉంటారో పిల్లలకి కనిపిస్తుంది, ఆ ప్రవర్తనని బట్టే పిల్లలు తమ తెలివి గురించి ఒక అభిప్రాయానికి వస్తారు అని. రిజల్ట్ వచ్చిన రోజు మన ముఖం ఎలా ఉంది, వంటింట్లో ఎవరితో ఏమన్నాం, చుట్టాల ఫోన్ ఎత్తామా తప్పించుకున్నామా, పిల్లలు ఇవే చదువుతారు.

గాంధీనగర్_చదరంగం రాశారు:

మన ఊళ్ల ఉదాహరణలు ఎవరూ చెప్పలేదేంటి? కోనేరు హంపి గుడివాడలో పుట్టింది, పెరిగింది మన విజయవాడలో. వాళ్ల నాన్న అశోక్ గారు లెక్చరర్ ఉద్యోగం వదిలేసి కూతురికి చెస్ కోచ్ అయ్యారు. 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది, అప్పటికి ప్రపంచంలో ఏ అమ్మాయీ ఆ వయసులో కాలేదు. పెళ్లి, పాప పుట్టడం, రెండేళ్ల విరామం, అన్నీ అయ్యాక తిరిగొచ్చి 2019లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ టైములో ముగించే చెస్) ఛాంపియన్, మళ్లీ 2024లో ఇంకోసారి. నాకు ఆ 2024 గెలుపే ఎక్కువ ఇష్టం, 37 ఏళ్ల వయసులో చిన్నపిల్లల మధ్య కూర్చుని గెలిచింది.

వెన్నం జ్యోతి సురేఖని తీసుకోండి. నాలుగేళ్ల పిల్లగా కృష్ణా నది ఈదింది, విజయవాడలో ఆ రోజుల్లో పేపర్ చదివిన ప్రతివాళ్లకీ గుర్తుంటుంది. వాళ్ల నాన్న పశువైద్యులు, ఒకప్పటి కబడ్డీ ఆటగాడు. ఈతతో మొదలై విలువిద్యకి మారితే మారనిచ్చారు. పైగా ఆమె ఎంచుకున్న కాంపౌండ్ (కప్పీలు బిగించిన విల్లు) విభాగం 2024తో సహా ఒక్క ఒలింపిక్స్‌లోనూ లేదు. అంటే ఒలింపిక్ మెడల్ అనే ఆశ కూడా ఎదురుగా లేని ఆటలో కూతురి వెనక నిలబడ్డారు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది.

గుంటూరు వాళ్లకి బ్యాడ్మింటన్‌లో కిడాంబి శ్రీకాంత్ ఉండనే ఉన్నాడు. అన్నదమ్ములిద్దర్నీ చిన్నప్పుడే ఇంటికి దూరంగా శిక్షణకి పంపారు. 2017లో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు, 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ 1. ఇవన్నీ తల్లిదండ్రుల నమ్మకం లేకుండా జరిగేవా?

కృష్ణలంక_కరకట్ట రాశారు:

జరిగేవి కావు, ఒప్పుకుంటాను. కానీ ఈ పేర్లు చెప్పినప్పుడల్లా నాకు ఒక బాధ ఉంటుంది. ఉద్యోగం వదిలేసి పిల్లల వెంట తిరిగిన తండ్రులు ఇంకెంతమందో ఉంటారు, వాళ్ల పిల్లలు జిల్లా స్థాయి దాటలేదు, వాళ్ల గురించి ఎవరూ రాయరు. గెలిచినవాళ్ల ఇళ్లే చూసి "నమ్మితే చాలు" అంటే, గెలవని పిల్లల తల్లిదండ్రులు సరిగ్గా నమ్మలేదు అన్నట్టు అవుతుంది. అది అన్యాయం.

రెండోది డబ్బు. మా నాన్న బస్టాండులో హమాలీ. నన్ను నమ్మినంతగా లోకంలో ఎవరూ నన్ను నమ్మలేదు, ఇప్పటికీ ఆ మాట రాస్తుంటే గొంతు పట్టేస్తుంది. కానీ ఇంజినీరింగ్ సీటు వచ్చినప్పుడు హాస్టల్ ఖర్చు చూసి పాలిటెక్నిక్‌తో ఆగాను. నాలుగేళ్లు ఉద్యోగం చేసి, డబ్బు కూడబెట్టుకుని, తర్వాత ఈసెట్ రాసి బీటెక్‌లో చేరాను. ఆలస్యమైంది. నమ్మకం ఉన్నా చేతిలో పైసా లేకపోతే ఆగిపోయే చోట్లు ఉంటాయి. సైకాలజీ గారు డబ్బు నేరుగా పనిచేయదు అన్నారు, మా వీధిలో నేరుగానే పనిచేస్తుంది.

సైకాలజీ_పీజీ రాశారు:

కృష్ణలంక గారూ, మీ మాట కొట్టిపారేసేది కాదు. ఆ అధ్యయనం పిల్లల ఆశలు, వాళ్లు ఎంచుకోవాలనుకున్న దారుల గురించి. ఫీజు కట్టగలిగారా, సీటు నిలబెట్టుకున్నారా అన్నది దాని పరిధిలో లేదు. పైగా ఆ పిల్లలు ఇటలీ వాళ్లు, అక్కడి ఖర్చులు, ఇక్కడి ఖర్చులు ఒకటి కావు. మీ విషయంలోనే చూస్తే డబ్బు మిమ్మల్ని ఆపింది, కానీ ఉద్యోగంలో పడ్డాక కూడా మళ్లీ చదవాలనే ఆలోచన చావలేదు. అందులో మీ నాన్న గారి నమ్మకానికీ చోటు ఉందని నాకనిపిస్తోంది.

పటమట అన్న చెప్పినదానికి కూడా ఆధారం ఉంది. జర్మనీలోని బవేరియాలో 2002 నుంచి 2007 వరకు వేలమంది పిల్లల్ని, వాళ్ల తల్లిదండ్రుల్ని గమనించి 2016లో ప్రచురించారు. తల్లిదండ్రుల ఆశ పెద్దదైతే లెక్కల్లో పిల్లలు మెరుగయ్యారు. కానీ తమ పిల్లవాడు వాస్తవంగా ఎంత చేయగలడని అనుకుంటున్నారో, దానికి మించి ఆశ పెట్టుకున్న ఇళ్లలో పిల్లల మార్కులు తగ్గాయి.

గాంధీనగర్_చదరంగం రాశారు:

కృష్ణలంక గారు చెప్పిన మొదటి మాట నాకు తగిలింది. నేను చెస్ అకాడమీకి పిల్లల్ని తీసుకొస్తుంటాను కాబట్టి చూస్తుంటాను, ఓడిపోయి బయటికొచ్చిన పిల్లవాణ్ణి మెట్ల మీదే "ఆ గుర్రం ఎందుకు వదిలేశావు" అని అడిగే తండ్రులు ఉంటారు, ముందు నీళ్ల సీసా చేతికిచ్చి, తిన్నాక ఇంటికెళ్లాక ఆట కాగితం తీసేవాళ్లూ ఉంటారు. ఈ రెండో రకం పిల్లలే ఆటలో ఎక్కువకాలం ఉండటం చూశాను. ఛాంపియన్లు అవుతారా లేదా అన్నది వేరే సంగతి.

ఆర్టికల్స్_అమ్మాయి రాశారు:

అంకుల్, నేను గుంటూరులోనే కోచింగ్ తీసుకుని సీఏ ఇంటర్ పాసయ్యాను, ఇప్పుడు విజయవాడలో ఒక ఆడిటర్ గారి దగ్గర ఆర్టికల్స్ (సీఏలో తప్పనిసరి ట్రైనింగ్) చేస్తున్నాను. అందరూ పెద్ద విషయాలు మాట్లాడుతున్నారు, నేను చిన్నది ఒకటి అడుగుతాను. మీ అమ్మాయికి, అదే అక్కకి, ఏ పేపర్‌లో ఎన్ని మార్కులు వచ్చాయి? మొదటి గ్రూపులో మూడు పేపర్లుంటాయి, అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్, లా, టాక్సేషన్. ఆ మూడు మార్కులు ఇక్కడ రాయండి, అక్క ఒప్పుకుంటేనే.

ఆటోనగర్_నాన్న రాశారు:

అందరికీ చాలా థాంక్స్. ఇంతమంది రాస్తారనుకోలేదు. పటమట బాబూ, నువ్వు చెప్పిన నంబరు రాసిపెట్టుకున్నాను. పిల్ల తింటోంది, నిద్రే సరిగ్గా పోవట్లేదు, చూస్తున్నాను.

అడిగి తీసుకున్నానమ్మా. అకౌంట్స్ 62, లా 40, టాక్స్ 41. ఒక్కోదాంట్లో 40 వస్తే పాస్ అంటారు కదా, మూడింట్లోనూ వచ్చాయి, మరి ఎందుకు పోయింది అని నాకు అర్థం కాలేదు. అడిగితే "అదంతే" అంది.

ఆర్టికల్స్_అమ్మాయి రాశారు:

అంకుల్, ఇది అందరూ చదవాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో "ఫెయిల్" అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోతారు.

ఒక్కో పేపర్‌లో 40 రావాలి, మళ్లీ గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. అంటే 300కి 150. అక్కకి మొత్తం 143. పోయింది 7 మార్కుల్లో. ఇప్పుడు అసలు విషయం. గ్రూపు పోయినా ఒక పేపర్‌లో 60 గానీ అంతకు మించి గానీ వస్తే ఆ పేపర్‌కి ఎగ్జెంప్షన్ వస్తుంది, తర్వాతి మూడు పరీక్షల వరకు అది మళ్లీ రాయక్కర్లేదు, ఆ 62 అలాగే లెక్కలోకి వస్తుంది. కాబట్టి అక్క ఈసారి లా, టాక్స్ రెండే రాయాలి. ఒక్కోదాంట్లో 40 తగ్గకుండా, రెండూ కలిపి 88 తెచ్చుకుంటే చాలు. పోయినసారి మూడు పేపర్ల చదువు మధ్య ఆ రెండింట్లో 81 తెచ్చుకుంది. ఇప్పుడు సీఏ ఇంటర్ పరీక్ష ఏడాదికి మూడుసార్లు పెడుతున్నారు కాబట్టి మునుపటిలా ఆరు నెలలు ఆగే పని కూడా లేదు. అది పాసైతే రెండు గ్రూపులూ అయిపోయినట్టే, ఆర్టికల్స్‌లో చేరొచ్చు, కొత్త స్కీమ్‌లో అది రెండేళ్లే.

ఇదంతా అక్కకి తెలియదని కాదు, తెలుసు. నాకు పోయినప్పుడు నాకూ తెలుసు. కానీ ఆ సమయంలో మనకి ఆ లెక్క కనిపించదు అంకుల్, "అందరూ పాసయ్యారు, నేను కాలేదు" అన్నదొక్కటే కనిపిస్తుంది. మా అమ్మ అప్పుడు ఏం చేసిందంటే, నన్ను కూర్చోబెట్టి "నీకెన్ని కావాలి, ఎన్ని వచ్చాయి, నాకు అర్థమయ్యేలా చెప్పు" అంది. ఆవిడకి చెప్పడం కోసం కాగితం మీద రాస్తే నాకే తెలిసొచ్చింది నేను ఎంత దగ్గర్లో ఉన్నానో. ధైర్యం చెప్పలేదు, లెక్క చెప్పించుకుంది. ఆవిడ ఏమీ తెలియనివాళ్లు కావడమే అక్కడ నాకు పనికొచ్చింది.

ఇంకో సంగతి, అక్కకి నిజంగా సీఏ ఇష్టం లేకపోతే అది వేరే విషయం. కానీ ఇష్టం లేక వదలడం, భయపడి వదలడం ఒకటి కాదు. ఈ రెండిట్లో ఏదో తెలిసేదాకా ఎవరూ ఏదీ తేల్చకండి.

మంగళగిరి_అమ్మ రాశారు:

ఈ చివరి మాట చాలా బాగా చెప్పావు తల్లీ. మా ఇంట్లో మగ్గం పని. మా బాబు లాంగ్‌టర్మ్ నీట్ మధ్యలో ఆపేసి ఫిజియోథెరపీ చదువుతానన్నాడు. ఊళ్లోవాళ్లంతా డాక్టర్ కావాల్సినవాణ్ణి చెడగొట్టావన్నారు నన్ను. నేను వాడితో ఆ కాలేజీకి వెళ్లి, అక్కడ పేషెంట్లతో సీనియర్ పిల్లలు ఎలా పనిచేస్తున్నారో చూసి, మా ఆయనకి వచ్చి చెప్పాను. చూసి వచ్చాను కాబట్టి గట్టిగా చెప్పగలిగాను. ఇప్పుడు వాడు పని చేసుకుంటున్నాడు, మోకాళ్ల నొప్పులవాళ్లు వాడి పేరు అడిగి మరీ వస్తారు. పిల్లలు ఎంచుకున్న దారి మనకి తెలియనిదైతే వెళ్లి చూడాలి, అంతే కానీ చూడకుండా అవునన్నా కాదన్నా ఒకటే.

అన్నగారూ, మీ అక్కగారితో సంబంధాల సంగతి పిల్ల వినేలా మాట్లాడుకోకండి. పరీక్ష పోయిన వారంలో పెళ్లి మాట వినిపిస్తే, మా వాళ్లు నా మీద ఆశ వదిలేశారు అని ఆడపిల్లకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

కృష్ణలంక_కరకట్ట రాశారు:

పైన మేడమ్ చెప్పినదానికి నా ఓటు. సంబంధాల మాట ఇప్పుడు వద్దే వద్దు.

ఆటోనగర్_నాన్న రాశారు:

ఆలస్యంగా రాస్తున్నాను, షెడ్డులో పని ఒత్తిడి.

మా అక్కకి ఫోన్ చేసి, పిల్ల ఎదురుగానే, "సీఏ అయ్యేదాకా ఆ మాట ఎత్తకు అక్కా, వద్దనుకుంటే అదే చెబుతుంది" అన్నాను. పిల్ల ఏమీ అనలేదు కానీ ఆ రాత్రి మాతో కూర్చుని భోంచేసింది. తర్వాత రోజు 62, 40, 41 కాగితం మీద రాసి ముందు పెట్టి, "150 అంటే ఎంత తగ్గిందమ్మా" అన్నాను. 7 అని రాసింది. ఎగ్జెంప్షన్ సంగతి నేనే చెబుదామనుకున్నాను, చెప్పలేదు, దానిచేతే చెప్పించుకున్నాను. చెబుతూ చెబుతూ "టాక్స్‌లో జీఎస్టీ భాగమే సరిగ్గా రాయలేదు నాన్నా" అంది.

జీఎస్టీ అంటే నాకూ ఒక బాధ ఉంది కదా. పార్టీ తన ఛాసిస్ (ఇంజిన్, చక్రాలు ఉండే అడుగు చట్రం) తెచ్చి ఇస్తే మేం బస్సు బాడీ కడతాం, కొందరికి మేమే ఛాసిస్ కొని బండి మొత్తం తయారుచేసి ఇస్తాం. బిల్లు ఎలా వేయాలో ప్రతిసారీ మా అకౌంటెంట్‌తో వాదన. అది అడిగాను. కాసేపు ఆలోచించి పుస్తకం తెచ్చింది. ఛాసిస్ పార్టీదైతే మనం చేసింది సర్వీసు కిందికి వస్తుందట, ఛాసిస్ మనదైతే బండి అమ్మినట్టట, బస్సు బాడీల మీద 2018లోనే ప్రభుత్వం వివరణ ఇచ్చిందట. బాడీ కట్టడంలో సరుకూ ఉంది, పనీ ఉంది, రెండూ కలిసినప్పుడు ఏది ముఖ్యమో చూడాలి అని ఏదో కాంపోజిట్ సప్లై అని చెప్పింది. నేను అడ్డు ప్రశ్నలు వేశాను, రేకు మనది, కూలీ మనది, మరి సర్వీసు ఎలా అవుతుంది అని. విసుక్కోకుండా చెప్పింది. మా ఆవిడ టీ తెచ్చి అక్కడే నిలబడి వింది. మరుసటి రోజు షెడ్డుకి వచ్చి పాత బిల్లులు తీసి చూసింది కూడా.

రాస్తానంది. లా, టాక్స్ రెండూ. బ్యాంకు పరీక్షల మాట మానలేదు, డిగ్రీ ఎలాగూ ఉంటుంది కదా నాన్నా అంటోంది, ఉండనీ అన్నాను. నిద్ర కూడా కొంచెం నయం.

ఇప్పుడు నాకు రెండు అనుమానాలు. రెండు పేపర్లకి మళ్లీ హాస్టల్ కావాలా, ఇంట్లో ఉండి చదివితే సరిపోతుందా? లా ఎలా చదవాలి? జీఎస్టీ అంటే నేను అడిగితే చెప్పగలిగింది, లాకి నా దగ్గర ఏమీ లేదు.

ఆర్టికల్స్_అమ్మాయి రాశారు:

చాలా సంతోషంగా ఉంది అంకుల్! అక్క చెప్పింది కరెక్టే, ఆ బస్సు బాడీ వివరణ 2018దే, మా ఆఫీసులో కూడా ఒక క్లయింట్‌కి చూశాం.

హాస్టల్ అక్కర్లేదు అనుకుంటా. క్లాసులు ఒకసారి విన్నవే కాబట్టి ఇప్పుడు కావాల్సింది రాసి ప్రాక్టీస్ చేయడం. టెస్ట్ సిరీస్‌లో చేరమనండి, ఆన్‌లైన్‌లో పేపర్ రాసి పంపితే దిద్ది ఇస్తారు. లాలో అక్కకి వచ్చింది 40, అంటే తెలిసి ఉంటుంది కానీ సెక్షన్ ఏం చెబుతోంది, ఇచ్చిన కథకి అది ఎలా వర్తిస్తుంది, చివరికి తీర్పు ఏమిటి అన్న వరుసలో రాయలేదేమో, చాలామందికి మార్కులు అక్కడే పోతాయి. మీరు చేయగలిగింది ఉంది. మీ షెడ్డు ప్రొప్రైటర్‌షిప్పా, పార్ట్‌నర్‌షిప్పా? పార్ట్‌నర్‌తో ఎల్ఎల్‌పీ (బాధ్యతకి హద్దు ఉండే పార్ట్‌నర్‌షిప్) పెడితే ఏమవుతుంది, కంపెనీ పెడితే ఏమవుతుంది అని అడగండి. అది సిలబస్‌లోదే.

ఫారం కట్టే తేదీ మాత్రం సీఏ ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో మీరు కూడా చూసుకోండి, లేట్ ఫీజు పడకుండా. సెంటర్ విజయవాడ పెట్టుకోమనండి, ఇంటి నుంచి వెళ్లి రాసుకోవచ్చు.

ఆటోనగర్_నాన్న రాశారు:

ప్రొప్రైటర్‌షిప్ అమ్మా. మా తమ్ముడు వాటా అడుగుతున్నాడు ఎప్పటినుంచో, కాబట్టి ఎల్ఎల్‌పీ సంగతి నాకు నిజంగానే కావాలి. ఈ రాత్రికే అడుగుతాను.